ఖాళీ పేజీ మీద సంతకం పెట్టకు బిడ్డా

బిడ్డా,

నువ్వు గెలిచిన రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒక్క మాట కూడా సరిగా చెప్పలేక ఏడ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో మన నల్లగొండ పల్లెల దాకా వచ్చినప్పుడు, నేనూ మీ అమ్మా ఒకే సారా దుకాణం ముందు రాత్రంతా కూర్చున్నవాళ్లం. ఇప్పుడు ఆమె కూతురు సర్పంచ్. నాకు ఎంత సంతోషంగా ఉందో రాసి చెప్పలేను. కానీ ఈ ఉత్తరం అభినందనల కోసం కాదు. 1995లో నేను అదే కుర్చీలో కూర్చున్నాను కాబట్టి, అక్కడ నేను పోగొట్టుకున్నవి నువ్వు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. ఆ ఏడాది మహిళలకు మూడో వంతు సీట్లు ఇచ్చి ఎన్నికలు పెట్టారు. ఉద్యమంలో తిరిగిన మొహం అని ఊరు నన్ను గెలిపించింది. మొదటి సమావేశం రోజు రికార్డులు రాసే ఉద్యోగి, తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం నా ముందు పెట్టాడు. పైన నాలుగు వరుసలు రాసి ఉన్నాయి. కింద అరచేయంత జాగా ఖాళీ. అట్టడుగున మా అందరి సంతకాలకు చోటు. "ఎజెండా అంశాలు నేను తర్వాత నింపుతాను మేడమ్, చాయ్ చల్లారిపోతుంది" అన్నాడు. పెట్టాను. నేను పెట్టానని వార్డు సభ్యులందరూ పెట్టారు. రెండు నెలలకు చెరువు కట్ట మీది తుమ్మ చెట్లు కొట్టుకుపోతున్నారని పిల్లలు ఉరికొచ్చి చెప్పారు. వెళ్లి అడ్డం నిలబడితే, "మీ తీర్మానమే కదా" అని ఆ పేజీ చూపించారు. నేను వదిలిన జాగాలో సరిగ్గా సరిపోయేలా చెట్ల అమ్మకం రాసి ఉంది. పంచాయతీకి వచ్చిన డబ్బు ఆ మొద్దుల విలువలో పావు వంతు కూడా కాదు. సారా దుకాణందారును లైసెన్సు కాగితం చూపించమని నిలదీసినదాన్ని, నా ఊరి పుస్తకంలో నేనేం సంతకం పెడుతున్నానో చూసుకోలేదు. ముప్పై ఏళ్లయినా ఆ కట్ట మీద నడిచినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది.

అందుకే చెప్తున్నా. తీర్మానం అక్కడికక్కడే రాయించు, నంబరు వేయించు, అందరికీ వినబడేలా చదివించు. చివరి వరుస అయిపోగానే దాని కిందే సంతకాలు పెట్టించి, మిగిలిన జాగాకు అడ్డగీత కొట్టించు. ఆ పేజీ ఫోన్‌లో ఫొటో తీసుకో. ఎవరికైనా నామోషీ అనిపిస్తే అనిపించనీ.

ఇప్పటి ఖాళీ పేజీ ఇంకోటుంది, అది డిజిటల్ కీ. పెన్‌డ్రైవ్‌లాంటి ఆ చిన్న ముక్కే నీ సంతకం. పంచాయతీ లెక్కలు, చెల్లింపులు నడిచే ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో కేంద్ర ఆర్థిక సంఘం డబ్బులు దాంతోనే కదులుతాయి. "మీకెందుకు మేడమ్ శ్రమ, ఇక్కడే ఉంచండి, పాస్‌వర్డ్ చెప్పండి చాలు" అంటారు. మాట మర్యాదగానే ఉంటుంది. ఇవ్వకు. కార్యదర్శికైనా, ఆపరేటర్‌కైనా, నీ పెనిమిటికైనా సరే. అతను మంచివాడే, నాకు తెలుసు. అయినా మండల మీటింగ్‌కు నీ బదులు అతన్ని పంపకు. ఒక్కసారి పంపితే రెండోసారి ఫోన్ అతనికే వస్తుంది.

ఇక డబ్బుల సంగతి. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ప్రత్యేక అధికారుల పాలన నడిచింది, ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. నీకు అందిన ఖాతాలో ఏముందో నేను ఊహించగలను. ఊరు మాత్రం అది చూడదు. వీధి దీపం వెలగాలి, బోరు మోటారు కాలిపోతే సాయంత్రానికి నీళ్లు రావాలి, ట్రాక్టర్‌కు డీజిల్ పోయాలి. అప్పుడే ఎవరో ఒకరు వచ్చి "నువ్వు పెట్టుబడి పెట్టు, బిల్లు పెట్టి తీసుకోవచ్చు" అంటారు. బిడ్డా, నీకు ముందు పనిచేసిన సర్పంచులు అలాగే పుస్తెలు తాకట్టు పెట్టి, వడ్డీకి తెచ్చి పనులు చేశారు. పదవి పోయాక ఆ బిల్లుల కోసం ధర్నాలు చేశారు. ఊరి పని నీ సొంత అప్పు మీద చేయకు. గౌరవ వేతనం నెలకు 6,500. దానితో నీ ఇల్లే గడవదు. మంజూరు కాగితం, అంచనా, తీర్మానం మూడూ చేతిలో ఉంటేనే పని మొదలుపెట్టించు. లేకపోతే గ్రామసభలో నిలబడి ఖాతాలో ఇంతే ఉంది అని లెక్క చెప్పు. జనం తిడతారు, కానీ అర్థం చేసుకుంటారు. నేను చూశాను.

15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టినవి. వాటిని సీసీ రోడ్డుకు తిప్పమని ఎవరైనా ఒత్తిడి తెస్తే, నిబంధన చూపించి పక్కకు తప్పుకో. కొట్లాట అక్కర్లేదు.

పనుల కొలతల దగ్గర నీకు నేను చెప్పాల్సిందేముంది? 2006లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు మొదలయ్యాక మన పల్లెల్లో కూలీలే మస్టర్లు, అంటే హాజరు పట్టీలు, చదవడం నేర్చుకున్నారు. నువ్వు ఆ బడిలోనే పెరిగినదానివి. ఇంజినీరు (ఏఈ) కొలతల పుస్తకం (ఎంబీ) రాసే రోజు టేపు పట్టుకుని ఆయనతో పాటు వెళ్లు. రోడ్డు మందం ఎంత రాశారో, తవ్వి చూస్తే ఎంతుందో అక్కడే చూడు. అప్పుడు నువ్వు బయట నిలబడి అడిగేదానివి. ఇప్పుడు తేడా వస్తే జవాబు చెప్పాల్సింది నువ్వే. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్‌కు ఇచ్చింది, మర్చిపోకు.

ఆ చట్టమే రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంది. చాలామందికి అది తలనొప్పి. సంతకాలు ఇళ్లకు తిరిగి తీసుకొచ్చి, పెట్టినట్టు రాసేస్తారు. నీకు మాత్రం అంతకు మించిన బలం లేదు. వార్డు సభ్యుల్లో నీకు మెజారిటీ లేదని విన్నాను. ఉప సర్పంచ్ కూడా అవతలి వర్గమేనట. 2018 చట్టం తెచ్చినప్పుడు చెక్కు మీద ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలని పెట్టారు. అతనితో మాటలు తెగితే ఊరంతా ఆగిపోతుంది. పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి చాయ్ తాగు, ఎజెండా ముందే చూపించు. అయినా అడ్డం తిరిగితే అదే విషయం గ్రామసభలో పెట్టు. చాటుగా కాదన్నవాళ్లు తమ వాడకట్టు వాళ్ల ముందు కాదనడం కష్టం. సభను మాత్రం మధ్యాహ్నం పెట్టకు, కూలికి పోయిన ఆడవాళ్లు రాలేరు. కార్యదర్శి అడ్డం చెప్పినా, పొద్దుగూకాక పెట్టేలా ఒప్పించు.

సమాచార హక్కు చట్టం కింద నువ్వెన్ని దరఖాస్తులు పెట్టావో నాకు తెలుసు. ఊరి స్థాయిలో రుసుము లేకపోయినా జవాబు కోసం 30 రోజులు ఎదురుచూసి, మళ్లీ అప్పీలుకు పోయేదానివి. ఆ చట్టం సెక్షన్ 4 ఎవరూ అడగకముందే చెప్పమంటుంది కదా. నీ పంచాయతీ గోడ మీద ఆ నెల వచ్చింది ఎంత, పోయింది ఎంత, ఎవరికి ఇచ్చారు, పెద్ద అక్షరాలతో రాయించు. నీకు నచ్చనివాడు దరఖాస్తు పెడితే కోపం తెచ్చుకోకు. నీ ముందే తీసుకునేలా చూసి రశీదు ఇప్పించు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, నేను సర్పంచ్‌గా ఉన్న మూడో ఎండాకాలం మా సంఘం ఆడవాళ్లే ఖాళీ బిందెలతో పంచాయతీ ఆఫీసు ముందుకొచ్చారు. "నేనెవరో మీకు తెలియదా, నా మీదికే వస్తారా" అని అరిచాను. మీ అమ్మ కూడా ఉంది అందులో. ఏమీ అనలేదు, బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. అర్జీ తీసుకుని, ట్యాంకర్ ఎప్పుడొస్తుందో నిజం చెప్పి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత ఏడాది దాకా మా ఇంటికి ఎవరూ రాలేదు. మీ అమ్మతో మాట కలవడానికి ఇంకా ఎక్కువే పట్టింది. నీ సంఘం నీ మీదికి రావడం మానేసిందంటే, అప్పుడు భయపడు. వాళ్లకు నువ్వు పనులిప్పించాల్సిన అవసరం లేదు, కానీ వాళ్ల ప్రశ్నకు మాత్రం ముందు జవాబు ఇవ్వాలి.

ఇంకో రెండు చిక్కులు. మన పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు. గెలిచిన తెల్లారే కండువా కప్పుతామని వస్తారు, కప్పుకుంటేనే నిధులంటారు. నా మట్టుకు నేను వద్దంటాను. కానీ ఊరి పని మీద ఎమ్మెల్యే దగ్గరికి నాలుగుసార్లు తిరగడానికి వెనకాడకు. కాగితం పట్టుకుని వెళ్లు, తీసుకున్నట్టు రాయించుకుని రా.

రెండోది, బెల్టు షాపు. ఊళ్లో మందు అమ్ముకునే హక్కుకు వేలం పాట పెట్టి, ఆ డబ్బు గుడికో బొడ్రాయి పండుగకో అంటారు. పెద్దమనుషులంతా కూర్చుంటారు, నీకు మధ్యలో కుర్చీ వేస్తారు. కూర్చోకు. దానికి చట్టమూ లేదు, ఆ డబ్బు పంచాయతీ ఖాతాకూ రాదు. నువ్వు ఆ కుర్చీలో కనబడితే, మీ అమ్మ ఆ రాత్రి చలిలో ఎందుకు కూర్చుందో నేను ఎవరికీ చెప్పలేను. అడ్డుకునే బలం మొదటి రోజే రాకపోవచ్చు. గ్రామసభలో ఆడవాళ్ల చేత అడిగించి తీర్మానం చేయించు, దాన్ని ఎక్సైజ్ వాళ్లకు పంపు.

ఒంటి మీద ధ్యాస పెట్టు. టెన్షన్‌తో అన్నం మానేస్తావని మీ అమ్మ బెంగ.

వచ్చే గ్రామసభ ఏ రోజో చెప్పు, బస్సెక్కి వస్తాను. ముందు వరుసలో కుర్చీ వేయకు, ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చుంటాను. అయిపోయాక మినిట్స్ పుస్తకం ఒకసారి నా చేతికివ్వు, ఆ చివరి పేజీ చూసుకుని వెళ్తాను.

నీ పెద్దమ్మ