అమెరికన్ టూరిస్టర్ పెట్టె మన్నుతుందా?

ఆగస్టు చదువులకు పిల్లలను అమెరికాకు పంపే అనంతపురం తల్లిదండ్రులు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఇది: అమెరికన్ టూరిస్టర్ పెట్టెలు మన్నుతాయా, వాటి మీద అంత డబ్బు పెట్టవచ్చా? పెట్టవచ్చుననే నేను చెబుతాను. కాకపోతే పేరు చూసి కాదు, పెట్టె దేనితో చేశారో, చక్రాలు ఎలా బిగించారో చూసి కొనాలి.

ఈ కంపెనీ 1933లో రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో పుట్టింది, 1993లో మరో పెట్టెల కంపెనీ శాంసొనైట్ యజమాని సంస్థ దానిని కొనుక్కుంది. కాబట్టి ఈ రెండింటిలో ఏది మేలని దుకాణంలో వాదులాడుకోవడం ఒకే ఇంటి అన్నదమ్ముల మీద పందెం కట్టడమే. అదే పేరు మీద గుడ్డ పెట్టెలూ ఉన్నాయి, రకరకాల ప్లాస్టిక్ పెట్టెలూ ఉన్నాయి. గట్టి పెట్టె కొనేటట్లయితే లోపలి చీటీలో ఏ ప్లాస్టిక్ అని రాశారో చదవండి. ఏబీఎస్ బిరుసుగా ఉండి, గట్టి దెబ్బ తగిలితే చిట్లుతుంది. పాలీకార్బొనేట్, పాలీప్రొపిలీన్ వంగి మళ్లీ సర్దుకుంటాయి.

అయితే నా అనుభవంలో ముందుగా పోయేది డొప్ప కాదు, చక్రం. నేను మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు (అది ఏ కంపెనీ పెట్టె అన్నది ఇక్కడ అనవసరం) డల్లాస్‌లో సామాను వచ్చే బెల్టు మీద పెట్టె గీతైనా పడకుండా వచ్చింది, కానీ నాలుగు చక్రాలలో ఒకటి మొదలంటా విరిగిపోయి ఉంది. అమ్మ పెట్టిన చెనక్కాయల పొడి, నిప్పట్లు, పుస్తకాలు కలిపి ఇరవైమూడు కిలోల బరువును మిగిలిన మూడు చక్రాల మీద కారు దాకా ఈడ్చుకుపోతే, విరిగిన మూల నేలకు రాసుకుని సుద్దముక్కలా ఏటవాలుగా అరిగిపోయింది. అందుకే నాలుగు వైపులా తిరిగే చక్రాలు బయటికి పొడుచుకు వచ్చి, సన్నని కాడ మీద నిలబడి ఉంటే వదిలేయమంటాను. సగం లోపలికి ఒదిగిన రెండు చక్రాల పాతకాలపు పెట్టె చూడడానికి నాసిగా అనిపించినా దెబ్బలకు ఎక్కువ ఓర్చుకుంటుంది. లాగే పిడిని పూర్తిగా పైకి లాగి, పక్కలకు ఊపి చూడండి. ఖాళీ పెట్టెకే లొడలొడలాడితే నిండిన పెట్టెకు నిలవదు.

బరువు సంగతి దుకాణదారుడు చెప్పడు. అమెరికాకు వచ్చే విమానాల్లో సాధారణంగా ఒక్కో పెట్టెకు 23 కిలోలు, పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు హద్దు. పెద్ద పెట్టె ఖాళీగానే నాలుగైదు కిలోలు తూగితే అంత మేరకు మీ సామాను తగ్గుతుంది. అదనపు జిప్పు తెరిచి పెట్టెను ఉబ్బించారంటే కొలత కూడా దాటుతుంది.

రెండు పెట్టెలు కొంటుంటే రెండూ ఒకే రకం కొననక్కర్లేదు. బట్టలకు గుడ్డది, ఊరగాయలకూ పొడులకూ గట్టిది తీసుకోండి; ఆవకాయ నూనె గుడ్డలోకి ఇంకితే ఆ వాసన పెట్టెతోనే పోతుంది. అన్నట్టు, బెంగళూరు విమానాశ్రయానికి పోయేటప్పుడు కారు పైన వేసి తాడు బిగిస్తారు చూడండి, పిడి ఉన్న వైపు కిందికి పెట్టించి, తాడు చక్రాల మీదుగా పోకుండా చూసుకోండి.

తాళం టీఎస్ఏ (అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) గుర్తు ఉన్నదే తీసుకోండి, లేకపోతే తనిఖీవారు పగలగొట్టవచ్చు. మామూలు జిప్పు పళ్ల మధ్య పెన్ను గుచ్చినా తెరుచుకుంటుంది కనుక బంగారం, సర్టిఫికెట్లు చేతిసంచిలోనే ఉండాలి.

కంపెనీల వారంటీ సాధారణంగా తయారీ లోపానికే వర్తిస్తుంది, విమానంలో తగిలిన దెబ్బకు కాదు. ఆ దెబ్బకు జవాబుదారీ విమాన సంస్థే. బెల్టు దగ్గర నుంచి కదలకముందే వారి కౌంటరులో ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె చేతికందిన ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. నేను పదో రోజున రాశాను.