కణాల రకాలు బట్టీ పట్టకుండా అర్థం చేసుకోవడం ఎలా? జబ్బులో కణం పని ఎలా మారుతుంది?

"బీఎస్సీ మొదటి సంవత్సరం. కణాల పట్టిక ఎన్నిసార్లు చదివినా నిలవట్లేదు, జబ్బు చేస్తే ఏ కణం పని ఎలా మారుతుందో అసలు అంతుబట్టట్లేదు" అని అడిగారు కదా. నేనూ అలాగే ఉండేదాన్ని. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా)లో పట్టికంతా గడగడా అప్పజెప్పేదాన్ని, ఎదురు ప్రశ్న వేస్తే నోరు పెగిలేది కాదు.

ఒక్క ఎర్ర రక్తకణంతో నాకు దారి దొరికింది. మన్యంలో ఒక ల్యాబ్‌లో చేరిన కొత్తలో సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) పరీక్షలు చాలా వచ్చేవి. చుక్క రక్తంలో, ఆక్సిజన్‌ను లాగేసే సోడియం మెటాబైసల్ఫైట్ కలిపి, గాలి చొరబడకుండా కవర్‌స్లిప్ అంచుల చుట్టూ గోళ్ల రంగు పూసేవాళ్లం. ఒకరోజు పది నిమిషాలకే చూసి, అన్నీ గుండ్రంగానే ఉన్నాయని 'నెగెటివ్' రాసేశాను. గంటన్నర తర్వాత మేడమ్ అదే స్లైడు నా ముందు పెట్టారు. కొడవళ్లు! కొన్ని అరటిపండులా వంగి, కొన్ని రెండు కొసలూ సూదిలా సాగి. రిపోర్టు ఇంకా బయటికి పోలేదు కాబట్టి బతికిపోయాను.

అదే రక్తం, అవే కణాలు. తగ్గిందల్లా ఆక్సిజన్.

ఎర్ర కణం ఆక్సిజన్ మోయాలి. అందుకే కేంద్రకాన్ని కూడా వదిలేసి లోపలంతా హిమోగ్లోబిన్ నింపుకుంటుంది. దాని వెడల్పు 7-8 మైక్రాన్లు, దూరాల్సిన కేశనాళికలు చాలాచోట్ల అంతకన్నా సన్నం. కాబట్టి మెత్తగా వంగి తీరాలి. సికిల్ సెల్‌లో హిమోగ్లోబిన్ బీటా గొలుసులో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన ఒక్క చోట వాలిన్ అనే మరొకటి ఉంటుంది. ఈ తేడాను 1957లో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు. వాలిన్‌కు నీళ్లంటే పడదు. ఆక్సిజన్ దిగిపోగానే పక్క హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది. అలా పోగులు పోగులుగా పేరుకుని కణాన్ని లోపలి నుంచే వంచేస్తాయి.

ఇక లక్షణాలు వాటంతటవే వస్తాయి. బిరుసెక్కిన కణం సన్నని నాళంలో ఇరుక్కుంటే ఎముకల్లో ప్రాణాలు తోడేసే నొప్పి. 120 రోజులు బతకాల్సింది 10-20 రోజులకే చితికిపోతే రక్తహీనత, పచ్చబడ్డ కళ్లు. హైడ్రాక్సీయూరియా ఎందుకిస్తారో కూడా ఇక్కడే తెలుస్తుంది: అది పెంచే పిండ హిమోగ్లోబిన్ (కడుపులో బిడ్డకుండే రకం) పోగులు కట్టనివ్వదు.

అన్నట్టు, ఆ స్లైడు జబ్బు మనిషిది కాదు, రెండు జన్యువుల్లో ఒక్కటే మారిన వాహకురాలిదని, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో తేలింది. సగానికి పైగా మామూలు హిమోగ్లోబినే, అందుకే అంత నెమ్మదిగా వంగాయి. స్లైడు ఒక్కటే చూసి జబ్బా, వాహకమా చెప్పలేం.

మిగతా కణాలనూ ఇలాగే పట్టుకోండి. క్లోమంలో బీటా కణం ఇన్సులిన్ చేస్తుంది. టైప్ 1 షుగర్‌లో ఆ కణాలే నాశనమవుతాయి. టైప్ 2లో మొదట్లో ఇన్సులిన్ వస్తూనే ఉంటుంది, కండరమూ కాలేయమూ దాని మాట సరిగా వినవు.

ముందు కాలేజీ ల్యాబ్‌లో అడిగి ఒక స్మియర్‌కు (స్లైడుపై పలుచగా పరిచిన రక్తానికి) కణాలు బాగా కనబడేలా చేసే లీష్మన్ రంగు వేసి మామూలు ఎర్ర కణాన్ని తీరిగ్గా చూడండి. పక్కన చిన్న లింఫోసైట్ (ఒక రకం తెల్ల రక్తకణం) ఉంటే దాని కేంద్రకంతో పోల్చండి, ఎర్ర కణం ఇంచుమించు అంతే ఉండాలి.