బాబు స్కూల్లో అల్లరి చేస్తున్నాడు, చదువులోనూ వెనకబడ్డాడు: ముందు ఏది చూడాలి?

నాలుగో తరగతి చదువుతున్న మీ బాబు ఇంట్లో బాగానే ఉంటాడనీ, స్కూల్లో మాత్రం పక్కవాళ్లను కొడతాడనీ, పుస్తకాలు దాచేస్తాడనీ, చదవమంటే ఎదురు మాట్లాడతాడనీ రాశారు. ముందు క్రమశిక్షణ నేర్పండి, చదువు దానంతట అదే వస్తుందని టీచర్ అంటున్నారట. నేనైతే ఆ వరుసను తిరగేస్తాను. చదువు ఎక్కడ ఆగిపోయిందో ముందు చూడండి.

విశాఖ వన్ టౌన్‌లో చాలా ఏళ్లుగా చిన్న తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. డాక్టర్‌ను కాను, సైకాలజిస్టును కాను. కానీ "వీడు మా మాట వినడు, మీరే దారిలో పెట్టండి" అంటూ తల్లిదండ్రులు అప్పగించి వెళ్లిన పిల్లలను చాలామందినే చూశాను.

వారిలో ఒకడి గురించి చెబుతాను. తండ్రికి ఫిషింగ్ హార్బర్‌లో పని. వాడికి వేలంపాట ధరలన్నీ నోటికి వచ్చు. వంజరం కిలో ఆరు వందలైతే రెండున్నర కిలోలు ఎంత అని అడిగితే, నేను లెక్క వేసుకునేలోపే చెప్పేసేవాడు. అలాంటివాడి మీద స్కూలు నుంచి రోజూ ఫిర్యాదులే. టీసీ తీసుకుపొమ్మని కూడా అన్నారు. మా దగ్గర పిల్లలు చాప మీద వరుసగా కూర్చుని ఒక్కొక్క పేరా చదువుతారు. తన వంతుకు ఇద్దరున్నారనగా వీడి పెన్సిల్ కిందపడేది. ఒకరున్నారనగా దాహం వేసేది. వంతు వచ్చేసరికి పక్కవాడు "టీచర్, గిల్లాడు" అని ఏడుస్తూ ఉండేవాడు. రాత లేని పనిలో, బొమ్మలు వేయించినప్పుడు, కథ చెప్పినప్పుడు ఈ గొడవేమీ లేదు.

ఒకరోజు అందరూ వెళ్లాక పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. "పావురం" అన్నచోట "వాపురం" అన్నాడు. "నక్క"లో ఒత్తు కనబడనట్టే "నక" అన్నాడు. మ, య ఒకదానికొకటి మారిపోతున్నాయి. పేజీ సగానికి వచ్చేసరికి చెమటలు పట్టాయి. అదే పాఠం నేను చదివి వినిపిస్తే ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాడు.

అక్కడ నాకు అర్థమైంది ఇది: తరగతిలో పదిమంది ముందూ చదవడం రాదనిపించుకోవడం కన్నా అల్లరివాడు అనిపించుకోవడమే వాడికి గౌరవం. పైగా అల్లరి చేస్తే బయట నిలబెడతారు. బయట నిలబడితే చదివే పని తప్పుతుంది. టీచర్ దృష్టిలో అది శిక్ష, వాడి దృష్టిలో సెలవు. కాబట్టి రేపు మళ్లీ అదే చేస్తాడు. ఇందులో వాడేదో పన్నాగం పన్నుతున్నాడని కాదు, తప్పించుకునే దారి దొరికితే పెద్దవాళ్లమైనా అటే వెళతాం.

కాబట్టి మీరు ముందు చేయవలసిన పని, టీచర్‌ను "ఏం చేశాడు?" అని కాక "ఎప్పుడు చేశాడు? దానికి ముందు క్లాసులో ఏం జరుగుతోంది?" అని అడగడం. రెండు వారాల పాటు రాసిపెట్టమనండి. డిక్టేషన్, పైకి చదివించడం, బోర్డు మీది రాత ఎక్కించుకోవడం, ఈ మూడింటి చుట్టూనే గొడవలు మూగుతుంటే అనుమానించాల్సింది చదవడం, రాయడంలోని ఇబ్బందిని. తెలివి ఉన్నా చదవడం, రాయడం, లెక్కల్లో ఉండే ఇలాంటి ఇబ్బందినే నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటారు.

అలాగని ప్రతి అల్లరీ చదువు వల్లనే అనను. కొందరిలో ఏకాగ్రత లోపమే మొదటిది. దాన్నే ఏడీహెచ్‌డీ అంటారు. అలాంటి పిల్లవాడు స్కూల్లోనే కాదు, అన్నం దగ్గర, ఆటలో, పెళ్లి పందిట్లో కూడా నిలకడగా ఉండలేడు. ఆ లక్షణాలు కనీసం రెండు చోట్ల కనిపించాలనీ, 12 ఏళ్లలోపే మొదలై ఉండాలనీ వైద్యులు చూస్తారు. మీ బాబు ఇంట్లో బాగానే ఉంటాడన్న మాట దగ్గర నేను ఆగింది అందుకే. అయితే హోంవర్క్ వేళ కూడా బాగానే ఉంటాడా? అది రాయలేదు మీరు. రెండు సమస్యలూ కలిసి ఉన్న పిల్లలూ తక్కువేం కాదు. ఇంకో మాట, ఆడపిల్లల్లో చాలామంది అల్లరి చేయరు, పరీక్ష రోజు కడుపునొప్పి అంటారు, అంతే. వాళ్లను ఎవరూ ట్యూషన్‌కు కూడా పంపరు, "నెమ్మదైన పిల్ల" అని మెచ్చుకుని వదిలేస్తారు.

ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవిలో నీరు చేరి సగం మాటలు వినపడవు. ఆ తర్వాత క్లినికల్ సైకాలజిస్టు చేత అంచనా వేయించాలి. తెలివితేటల పరీక్షతో పాటు, చదవడం, రాయడం, లెక్కలకు విడిగా పరీక్షలు ఉంటాయి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ తయారుచేసినవి మన దేశంలో ఎక్కువగా వాడతారు. మన ఊళ్లో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు చెప్పగానే కొందరు బంధువులు ముఖం చిట్లిస్తారు. చిట్లించుకోనివ్వండి. మొదట కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగంలో చూపించి అక్కడి నుంచి ముందుకు వెళ్లినా సరే. ఒక్కటి గట్టిగా అడగండి: పరీక్ష తెలుగులో కూడా పెట్టమని. ఇంట్లో ఇంగ్లిష్ మాటే వినపడని పిల్లవాడు ఇంగ్లిష్ చదవలేకపోతే అది లోపం కాకపోవచ్చు, భాషే రాకపోవచ్చు.

1896లోనే ప్రింగిల్ మోర్గాన్ అనే వైద్యుడు, ఆటల్లో చురుకైన, తెలివైన 14 ఏళ్ల కుర్రాడు చదవలేకపోవడం గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఇన్నేళ్ల తర్వాతా మనం బద్ధకం అనే అంటున్నాం. ఈ అభ్యసన వైకల్యానికి మందు లేదు. జ్ఞాపకశక్తి పెంచుతామనే సిరప్‌ల మీద డబ్బు పోయకండి. ఏడీహెచ్‌డీ ఉంటే మాత్రం మందులున్నాయి, అవి మానసిక వైద్యులు చూసి ఇవ్వాలి.

మా కుర్రాడికి ఏం చేశామంటే, మరుసటి రోజు చదవాల్సిన పేరా ముందురోజే ఇచ్చేదాన్ని. ఉన్నట్టుండి లేపి చదివించడం మానేశాను. పళ్లెంలో రవ్వ పోసి, అక్షరం పైకి పలుకుతూ వేలితో దిద్దించేదాన్ని. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో దిద్దించి అక్కడితో ఆపేస్తాం కదా, ఇలాంటి పిల్లలకు అది నెలల తరబడి కావాలి. గిల్లడం ముందు తగ్గింది, చదువు చాలా నిదానంగా వచ్చింది. ఇప్పటికీ ఒత్తుల దగ్గర తడబడతాడు, కానీ తన వంతు కోసం కూర్చుంటాడు.

అంచనాలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం అని తేలితే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో అదొకటి. 2018 మార్గదర్శకాలు 8 ఏళ్లు నిండిన పిల్లలకు ధ్రువపత్రం ఇవ్వమన్నాయి, మీ వాడి వయసు సరిపోతుంది. అది ఉంటే సీబీఎస్‌ఈ మూడు గంటల పరీక్షకు అదనంగా గంట ఇస్తుంది, రాసిపెట్టే మనిషిని కూడా. ఇక కొట్టడం, అవమానించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. కానీ మొదటి రోజే చట్టం పేరెత్తితే టీచర్ దూరమవుతారు, ఆవిడ సాయం మీకు కావాలి. రిపోర్టు చేతికి వచ్చాక నకలు తీసుకుని వెళ్లి, హెడ్మాస్టరు, క్లాస్ టీచర్ ఇద్దరితో కలిపి మాట్లాడండి. ఒక నకలు ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం చేయించుకోండి. పై తరగతిలో టీచర్ మారినప్పుడు అది అవసరం పడుతుంది.