క్రిస్మస్ ముందు కుండల పని: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం మీద వచ్చాయి. ఇంగ్లండ్ పాటరీల్లో అప్రెంటిస్‌లుగా చేరిన మన హైదరాబాద్ పిల్లలు కొందరు రాశారు, వాళ్ల గురించి ఇక్కడ బెంగపెట్టుకున్న ఇంటివాళ్లు కొందరు రాశారు. మధ్యలో కూకట్‌పల్లి నుంచి ఒక మట్టి నక్షత్రాల గొడవ కూడా ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి సెప్టెంబర్ నుంచి ఇంగ్లండ్‌లో ఒక చిన్న పాటరీలో పని నేర్చుకుంటోంది. నవంబర్ చివరి నుంచి దాన్ని సారె దగ్గర కూర్చోనివ్వడం లేదట. పొద్దస్తమానం కప్పుల అడుగులు రుద్దడం, తుడవడం, పెట్టెలు కట్టడమే పని. క్రిస్మస్ అయ్యేదాకా ఇంతేనన్నారట. పిల్లతో వట్టి చాకిరీ చేయించుకుంటున్నారేమోనని మావారి అనుమానం. (ఒక తల్లి, సైనిక్‌పురి)

జవాబు: అప్పుడే అనుమానపడకండి. ఒకసారి తేదీలు వెనక్కి లెక్కపెట్టి చూడండి. ఆఖరి పార్శిల్ డిసెంబర్ 12న వెళ్లాలనుకుందాం. 10, 11 తేదీలు ప్యాకింగ్‌కి పోతాయి. 9న కిల్న్ (కుండలు కాల్చే బట్టీ) దించి, అడుగులు రుద్ది, మంచివీ లోపమున్నవీ వేరు చేస్తారు. 7, 8 గ్లేజ్ (గాజులాంటి పూత) కాల్పు. స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి కాల్చే గట్టి రకం) అయితే 1,280 డిగ్రీల దాకా ఎక్కడానికి పది పన్నెండు గంటలు, చల్లారడానికి మరో రోజు పైనే పడుతుంది. 5, 6 గ్లేజ్ ముంచడం, కిల్న్ పేర్చడం. 3, 4 తొలి కాల్పు, అంటే బిస్క్. దానికి ముందు ఆరబెట్టడానికి పది రోజులు. మన దగ్గర మూడు నాలుగు రోజుల్లో ఆరే కప్పు అక్కడి తేమకి, చలికి అన్నాళ్లు తీసుకుంటుంది. సారె మీద తీయడానికి, అడుగు చెక్కడానికి, పిడి అతకడానికి మూడు రోజులు. అంటే నవంబర్ 20కి మొదలుపెట్టాలి. ఒక కిల్న్ పాడైతే ఎలా అని వారం చేతిలో ఉంచుకుంటే నవంబర్ 13. ఆ తర్వాత సారె మీదికెక్కిన కప్పు ఏదైనా క్రిస్మస్‌కి అందుతుందని నమ్మలేం. అందుకే డిసెంబర్‌లో సారె ఖాళీ, చేతులు మాత్రం ఖాళీ ఉండవు.

ఈ రోజులు కుదించబోతే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. లోపల తడి ఉన్న కప్పుని కిల్న్‌లో పెడితే వంద డిగ్రీల దగ్గర ఆ నీరు ఆవిరై, వెయ్యి రెట్లకు మించి ఉబ్బి, కప్పుని పేల్చేస్తుంది. పెంకులు ఎగిరి పక్కనున్న వాటినీ చెడగొడతాయి. తడి ఉందో లేదో చూడాలంటే కప్పు అడుగుని చెంపకి ఆనించాలి. గదిలో మిగతా వస్తువుల కంటే చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. అనుమానంగా ఉంటే కిల్న్‌ని రాత్రంతా 80, 90 డిగ్రీల దగ్గర ఆపి, ఆవిరి పోయే కంత తెరిచి ఉంచుతారు. చివర్లో చేసే తొందర ఇంకా ఖరీదు. 200 డిగ్రీలు దాటి ఉండగానే మూత ఎత్తితే చల్లగాలి తగిలి కప్పులు టంగుమని చీలతాయి. మట్టిలోని సిలికా 573 దగ్గర ఒకసారి, క్రిస్టోబలైట్ రూపంలో ఉన్నది 226 దగ్గర మరోసారి ఉన్నట్టుండి కుంచించుకుంటుంది. ఈ రెండు మలుపులూ మెల్లగా దాటాలి. వంద లోపుకి దిగాకే తెరవాలి.

మీ అమ్మాయి రుద్దే అడుగులు మామూలు చాకిరీ కాదు. ప్రతి కప్పునీ వేలి కణుపుతో తట్టమనండి. బాగున్నది గణగణమంటుంది, పగులున్నది డబ్‌మంటుంది. అడుగున ఎస్ అక్షరంలా చీలిక కనిపిస్తే తీసినప్పుడు అడుగుని గట్టిగా అదమలేదన్నమాట, లేదా లోపల నీళ్లు నిలవనిచ్చారు. పిడి పైఅతుకు దగ్గర సన్నగీత ఉంటే పిడి ముందే ఆరిపోయింది. తన తప్పులూ పక్కవాళ్ల తప్పులూ ఇన్ని ఒకేచోట కనబడేది ఈ వారాల్లోనే. 1920లో కుమ్మరి కళాకారులు బెర్నార్డ్ లీచ్, షోజి హమాడ ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో మొదలుపెట్టిన లీచ్ పాటరీలో కూడా అప్రెంటిస్‌లు స్టాండర్డ్ వేర్ పేరుతో ఒకే కొలత గిన్నెలూ కప్పులూ మళ్లీ మళ్లీ చేసే పని నేర్చుకున్నారు.

అయితే ఒకటి అడగవచ్చు, అడగాలి కూడా. పని గంటలయ్యాక రోజూ 400 గ్రాముల ముద్దలు పది తీసుకుని, గొట్టాల్లా లాగి, తీగతో నిలువునా కోసి గోడ మందం చూసుకుని, మట్టిని మళ్లీ తొట్టిలో వేసేస్తానంటే ఎవరూ కాదనరు. మట్టి ఎక్కడికీ పోదు. ఫిబ్రవరి వచ్చినా చీపురే చేతిలో ఉంటే మాత్రం మీవారి అనుమానం నిజమే. అప్పుడు ఏ నెలలో ఏం నేర్పుతారో కాగితం మీద రాసివ్వమనండి.

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లో అప్రెంటిస్‌ని, ఊరు మలక్‌పేట. మా షెడ్‌లో రాత్రి హీటర్ ఉండదు. మొన్న ప్లాస్టిక్ కప్పి పెట్టిన తడి కప్పుల మీద పొద్దున్నకి ఈకల్లాంటి గీతలు కనిపించాయి. ముట్టుకుంటే పొరలు ఊడుతున్నాయి. మట్టి సంచీలూ రాయిలా ఉన్నాయి. ఏది పారేయాలి, ఏది ఉంచాలి?

జవాబు: కప్పుల్ని మట్టి మళ్లీ నానబెట్టే తొట్టిలో వేసేయండి. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. ఆ మంచు స్ఫటికాలు మట్టిని చీల్చిన గుర్తులే మీరు చూసిన ఈకలు. పైన తడిచేత్తో రుద్దితే కనబడకుండా పోతాయి కానీ కాల్చాక అక్కడే పగులుతుంది. ఎముకలా పూర్తిగా ఆరిన వాటికి ఈ భయం లేదు.

మట్టి సంచీలు పాడవలేదు. సంచీ విప్పకుండా, కోయకుండా లోపలి గదిలో రెండు మూడు రోజులు వదిలేయండి. కరిగాక నీరు ఒకచోట, మట్టి ఒకచోట పొరలుగా ఉంటుంది. తీగతో పలకలుగా కోసి, మెత్తనిదీ గట్టిదీ ఒకదాని మీదొకటి పేర్చి, బల్లకేసి కొట్టి, బాగా పిసకండి. ఒకసారితో సరిపోదు. కోసి చూస్తే గట్టి గడ్డలు కనబడనంత వరకు పిసకాల్సిందే. గ్లేజ్ బకెట్ గడ్డకట్టినా కరిగాక కలిపి 80 మెష్ (సన్న కన్నాల) జల్లెడ పడితే మామూలుగా దారికొస్తుంది. బ్రష్‌తో పూసే రెడీమేడ్ సీసాలు మాత్రం చెడిపోవచ్చు. వాటిని ఇంట్లోకి తెచ్చుకోండి.

ఇకముందు తడి సామాను నేల మీదా బయటి గోడ పక్కనా పెట్టొద్దు. మధ్య అరల్లో ఉంచి, ప్లాస్టిక్ మీద పాత రగ్గు కప్పండి. చల్లారుతున్న కిల్న్ గది వెచ్చగా ఉంటుంది, కానీ కప్పుల్ని కిల్న్ మూత మీద పెట్టే తెలివితేటలు వద్దు. అడుగు ఆరి, అంచు తడిగా ఉండి వంకరపోతాయి. రెండు మీటర్ల దూరంలో చాలు. సారె పక్క బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు పోసుకోండి, వేళ్లు కొంకర్లు పోకుండా ఉంటాయి. ఇంకో సంగతి, బిస్క్ కప్పులు చల్లగా, చెమ్మగా ఉంటే గ్లేజ్‌లోని నీరు పీల్చవు. పూత పలుచగా పడి, కాల్చాక వెలిసినట్టుంటుంది. ముంచే ముందు వాటిని కాస్త వెచ్చబెట్టండి.

ప్రశ్న: మా చెల్లి వేళ్లు పగిలి రక్తం వస్తోందట. కొబ్బరినూనె పంపాను, అక్కడ రాయైపోయిందంటోంది. పాడైందా? (మెహిదీపట్నం)

జవాబు: నూనె పాడవలేదు. సుమారు 24 డిగ్రీల కింద కొబ్బరినూనె గడ్డకడుతుంది, సీసాని వేడినీళ్లలో పెడితే కరిగిపోతుంది. కానీ అది రాసుకునే వేళ ముఖ్యం. మట్టి చర్మంలోని జిడ్డుని లాగేస్తుంది, చన్నీళ్లు మిగతా పని చేస్తాయి. అందుకని రాత్రి పడుకునే ముందు దట్టంగా రాసి, నూలు చేతి తొడుగులు వేసుకోమనండి. పొద్దున సబ్బుతో కడగాలి. నూనె చేత్తో బిస్క్ కప్పు పట్టుకుంటే ఆ వేలిముద్ర పడినచోట గ్లేజ్ అతుక్కోదు. కాల్పులో ముడుచుకుని, అచ్చం వేలి ఆకారంలో బోడి మచ్చ మిగులుతుంది. అలా జిడ్డు తగిలిన కప్పుని గ్లేజ్ వేయకముందే 600 డిగ్రీలకి మళ్లీ కాలిస్తే జిడ్డు పోతుంది. చెక్కబూడిద గ్లేజ్ కలిపేటప్పుడు రబ్బరు తొడుగులు తప్పనిసరి, బూడిద నీళ్లలో క్షారం ఉంటుంది. పగిలిన చర్మం మీద పడితే మండిపోతుంది.

ప్రశ్న: రోజంతా కప్పులు రుద్దుతుంటే గొంతులో దుమ్ము. గుడ్డ కట్టుకుంటే చాలా?

జవాబు: చాలదు. మట్టిలో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి దిగే ధూళి కంటికి కనబడనంత సన్నం, గుడ్డలోంచి దూరిపోతుంది. బ్రిటన్‌లో దీనికి పరిమితి 8 గంటల సగటున ఘనపు మీటరుకి 0.1 మిల్లీగ్రాము. సిలికోసిస్ ఏళ్ల తరబడి పేరుకునే జబ్బు, వస్తే వెనక్కి పోదు. కాబట్టి పొడి చీపురు పట్టొద్దు, తడిబట్టతో తుడవండి. రుద్దేది నీళ్లలో ముంచి రుద్దండి. పొడి గ్లేజ్ తూచేటప్పుడు సన్న ధూళిని ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్క్ పెట్టుకోండి. గడ్డం ఉంటే అది ముఖానికి అతకదు, గీసుకోవాల్సిందే. ఏప్రాన్‌ని దులపకుండా ఉతకండి. దగ్గు తగ్గకపోతే డాక్టర్‌కి మీరు చేసే పని ఏమిటో కూడా చెప్పండి.

ప్రశ్న: చర్చి స్టాల్‌కి వేలాడదీసే మట్టి నక్షత్రాలు చేశాను. ఎండలో ఆరబెడితే కొసలు పైకి లేచాయి. కన్నాలు గ్లేజ్‌తో పూడిపోయాయి. మిగిలినవి స్టోన్‌వేర్ కిల్న్‌లో పెట్టిస్తామని ఒకరన్నారు. (కూకట్‌పల్లి)

జవాబు: ముందు ఆ చివరి మాట. కుండల మట్టితో చేసినవైతే వద్దే వద్దు! మన ఎర్రమట్టికి వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల చాలు. 1,240 కిల్న్‌లో పెడితే ఉబ్బి, కరిగి, షెల్ఫ్‌కి అతుక్కుపోతుంది. షెల్ఫ్ ఖర్చు మీ నెత్తినే పడుతుంది.

హైదరాబాద్ డిసెంబర్ ఎండ మెత్తగా కనబడుతుంది కానీ గాలి పొడిగా ఉంటుంది. పైవైపు ముందు ఆరి, కుంచించుకుని, కొసల్ని లాగేస్తుంది. మట్టిని 5 మిల్లీమీటర్ల పలకగా రెండు దిక్కులా ఒత్తండి. కోసిన నక్షత్రాల్ని న్యూస్‌పేపర్ మధ్య, రెండు జిప్సం బోర్డు ముక్కల నడుమ రెండు రోజులు ఉంచండి. ఫ్యాన్ కింద వద్దు. మట్టి 12 శాతం తగ్గుతుందనుకుంటే 4 మిల్లీమీటర్ల కన్నం మూడున్నర అవుతుంది, కనుక జ్యూస్ స్ట్రాతో పెద్దగానే పొడవండి. గ్లేజ్ ఒకవైపే వేసి, ఆరగానే సూదితో కన్నం శుభ్రం చేయండి. రెండువైపులా మెరవాలంటే కాంతల్ తీగ (కిల్న్ వేడిని తట్టుకునే లోహపు తీగ) మీద, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీసి కాల్చాలి.

ప్రశ్న: సంక్రాంతికి ఇంటికొస్తూ నేను చేసిన నాలుగు కప్పులు తేవాలి. ఎలా?

జవాబు: సూది, తీగ లాంటి పనిముట్లు చేతిసంచీలో పెడితే ఎయిర్‌పోర్టులో తీసేసుకోవచ్చు, చెక్ఇన్ పెట్టెలో వేయండి. కప్పు ముందుగా విరిగేది పిడి దగ్గర. పేపర్‌ని తాడులా మెలిపెట్టి పిడి సందులో నింపి, చుట్టూ తిప్పండి. లోపల సాక్సులు కూరండి. ఒక్కోదాన్ని స్వెటర్‌లో చుట్టి, పెట్టె నడుమ, ఏ గోడకీ కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో, అంచు పైకి వచ్చేలా నిలబెట్టండి. మూత వేసి ఊపండి. లోపల కదిలిన చప్పుడైతే ఇంకో రెండు జతల సాక్సులు కావాలి.