కాటలీనా 22 పడవ ట్రైలర్ (కారు వెనక తగిలించే చక్రాల బండి) మీదకి ఎలా ఎక్కుతుంది?
అడుగున బరువైన కీల్ (పడవ ఒరిగిపోకుండా ఆపే రెక్క) ఉన్న తెరచాప పడవని కారు వెనక ఎలా లాక్కెళ్తారని అడిగారు కదా, అమెరికాలో ఫ్రాంక్ బట్లర్ డిజైన్ చేసిన కాటలీనా 22 చూడండి. దీని తయారీ 1969లో మొదలైంది, 15,000కి పైగా తయారయ్యాయి. కిటుకంతా కీల్‌లోనే ఉంది: సుమారు 250 కిలోల పోత ఇనుము, క్యాబిన్ మెట్టు దగ్గర ఉండే వించ్ (తీగని చుట్టే చక్రం) హ్యాండిల్ తిప్పుతుంటే ఇనుప తీగ చుట్టుకుంటూ దాన్ని వెనక్కి, పైకి లాగేస్తుంది, దాంతో 5 అడుగుల లోతు కావాల్సిన పడవకి 2 అడుగుల నీళ్లే సరిపోతాయి, ట్రైలర్ మీదకి తేలిగ్గా ఎక్కేస్తుంది. తెరచాప స్తంభాన్ని కూడా వెనక్కి వాల్చేయొచ్చు. గాలి అందుకుని వేగంగా వెళ్తున్నప్పుడు నీళ్లలో ఆ తీగ తంబూరాలా మోగుతుంది, ఎంత బాగుంటుందో! కానీ తీగనీ, కీల్ వేలాడే ఇరుసు బోల్టునీ తరచూ చూసుకోవాలి. తీగ తెగితే కీల్ ఒక్కసారిగా కిందికి ఊగి పడవ అడుగు పగలొచ్చు.