పీహెచ్‌డీ సరే, ఆ పర్సనల్ లోన్ ఎందుకండీ?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కెమికల్ ఇంజినీరింగ్‌లో బీటెక్ చేసి విశాఖలో ఫార్మా కంపెనీలో ప్రాసెస్ ఇంజినీరుగా చేస్తున్నాను. గేట్ స్కోరుతో ఇక్కడ ఫెలోషిప్ పీహెచ్‌డీ వచ్చేలా ఉంది. నాకేమో విదేశంలో సొంత ఖర్చుతో రెండేళ్ల రీసెర్చ్ మాస్టర్స్ చేయాలని ఉంది. 30 లక్షలవుతుంది. నాన్నగారి ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకు 11 శాతం వడ్డీకి 25.5 లక్షల విద్యారుణం ఇస్తానంది. మార్జిన్‌గా నేను పెట్టుకోవాల్సిన 4.5 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. చేతిలో 1.2 లక్షలున్నాయి, ఇంటి ఖర్చు నెలకు 25,000. నాన్నగారికి షుగర్. ముందుకెళ్లొచ్చా?

జవాబు: వద్దు. ఇలాంటి ప్లాన్లతో వచ్చేవాళ్లు ఎక్కువైపోయారు కాబట్టే దీన్ని పట్టుకుని రాస్తున్నాను. మార్జిన్ అంటేనే మీ జేబులోంచి పెట్టాల్సిన డబ్బు, దానికీ అప్పు తెస్తే ఇక మీరు పెట్టేదేముంది? పర్సనల్ లోన్ కోర్సు అయ్యేదాకా ఆగదు, వచ్చే నెల నుంచే వాయిదా మొదలు, సరిగ్గా మీ జీతం ఆగిపోయే నెల అది. విద్యారుణం మొత్తం తీసుకున్నాక దాని మీద కూడా ఏడాదికి 2,80,500 వడ్డీ, చదువుతున్నన్నాళ్లూ మీటరు తిరుగుతూనే ఉంటుంది. రేపు తేడా వస్తే బ్యాంకువాళ్లు వచ్చేది మీ నాన్నగారి గుమ్మంలోకే.

ఇక్కడి పీహెచ్‌డీ ఫెలోషిప్‌లో మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 వస్తాయి. ఎంటెక్ అయితే 12,400తో నెట్టుకురావాలి. కంపెనీ ఒప్పుకుంటే ఎక్స్‌టర్నల్‌గా ఉద్యోగం చేసుకుంటూ కూడా పీహెచ్‌డీ చేయొచ్చు. ఏది చేరినా నాకభ్యంతరం లేదు, నా టెన్షనంతా ఆ 1.2 లక్షల గురించే.

ఫెలోషిప్ జీతంలా ఒకటో తారీఖున పడుతుందనుకోకండి. నిధులు విడుదల కాక రెండు మూడు నెలలు ఆగి, అన్నీ కలిపి ఒకేసారి పడటం పరిశోధకులకు అలవాటే. పైగా మీది ల్యాబు పని. ఆటోక్లేవ్ (అధిక పీడనంలో రసాయన చర్య జరిపే పాత్ర) సీలు లీకవుతుంది, గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (మిశ్రమంలో ఏమేం ఉన్నాయో విడదీసి చూపే యంత్రం) కాలమ్ పాడైతే కొత్తది వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలి, మొదటి బ్యాచ్‌లో బ్రహ్మాండంగా పనిచేసిన క్యాటలిస్టు (రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థం) రెండో బ్యాచ్‌లో మొండికేస్తుంది. అలా అలా ఐదేళ్లు దాటాయంటే ఫెలోషిప్ ఆగిపోతుంది, థీసిస్ రాయడం, సమర్పించడం, వైవా అన్నీ చేతిడబ్బుతోనే. అందుకే ఉద్యోగస్తులకు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమనే నేను మీకు తొమ్మిది నెలలంటాను, అంటే 2.25 లక్షలు. ఎఫ్‌డీలోనో, కావాలంటే త్వరగా వెనక్కి తీసుకోగలిగే లిక్విడ్ మ్యూచువల్ ఫండ్‌లోనో ఉంచి మర్చిపోండి, ల్యాప్‌టాప్‌కని, కాన్ఫరెన్స్‌కని దాన్ని ముట్టుకోవద్దు.

మీరు అడగని సంగతి ఒకటుంది. అమ్మానాన్నల ఆరోగ్య బీమా మీ కంపెనీ గ్రూప్ పాలసీలోనే ఉంటే రాజీనామాతో అదీ పోతుంది. కొత్త పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న షుగర్‌కు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా దానికి క్లెయిమ్ రాదు. అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారేందుకు ఉద్యోగంలో ఉండగానే దరఖాస్తు పెట్టండి.

గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కదా, తొందరేముంది? జూలై బదులు జనవరి అడ్మిషన్లు ఉన్నచోట చూసుకోండి. ఈ ఆరు నెలలూ 20,000 చొప్పున పక్కన పెడితే తక్కువైన 1.05 లక్షలు పూడిపోతాయి, అప్పుడు రాజీనామా ఇవ్వండి.