క్యాంపస్‌లో సిగరెట్ కాల్చిన కుర్రాడి దగ్గర ఐదొందలు వసూలు చేశాం, కేసవుతుందా?

సందేహం: లాయరు గారూ, మాది శ్రీకాకుళం వైపు. ఒడిశా సరిహద్దు జిల్లాలో ఒక యూనివర్సిటీలో లెక్చరర్ని, హాస్టల్ అసిస్టెంట్ వార్డెన్ని కూడా. క్యాంపస్‌లో ఎవరూ పొగ తాగకూడదని సర్క్యులర్ వచ్చింది, మా నలుగురితో స్క్వాడ్ వేశారు. ఆటల గ్రౌండ్‌లో సిగరెట్ కాలుస్తున్న డిగ్రీ కుర్రాడి దగ్గర 500 రూపాయలు తీసుకున్నాం. రసీదు ఇవ్వలేదు, అసలు పుస్తకమే లేదు. డబ్బు స్క్వాడ్ దగ్గరే ఉంది. బెదిరించి గుంజారని థానాకు వెళ్తానని వాళ్ల నాన్న అంటున్నాడు. గ్రౌండ్ బహిరంగ స్థలం, అక్కడ చట్టమే వర్తించదని కూడా వాదిస్తున్నాడు. నా మీద కేసు అవుతుందా? గేటు ఎదురుగా ఉన్న పాన్ బడ్డీని ఏం చేయాలి?

జవాబు: మాస్టారూ, ముందు ఆ 500 సంగతి తేల్చుకుందాం, మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది కాబట్టి. బహిరంగ ప్రదేశంలో పొగ తాగితే 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, అదే అందరూ కోట్పా అంటారే, దాని 21వ సెక్షన్ ప్రకారం జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలే. ఇది కేంద్ర చట్టం, ఇచ్ఛాపురం ఇవతలైనా అవతలైనా మొత్తం అదే. అంటే ఆ చట్టం పేరు చెప్పి మీరు 500 తీసుకోవడానికి వీల్లేదు, రసీదు లేకుండా 200 తీసుకున్నా తప్పే. జరిమానా వేసే అధికారం ఎవరిదో 2008 రూల్స్‌లో జాబితాగా ఇచ్చారు. విద్యాసంస్థల విషయంలో ఏయే హోదాల వాళ్లు అందులో ఉన్నారో, లెక్చరర్‌గా మీ హోదా వస్తుందో లేదో ఆ జాబితా తీసి చూసుకోండి. అసిస్టెంట్ వార్డెన్ పేరు నాకెక్కడా కనబడలేదు, సెక్యూరిటీ గార్డు పేరు అసలే లేదు. 'స్క్వాడ్ వేశాం' అని సర్క్యులర్‌లో ఒక ముక్క రాసినంత మాత్రాన ఆ అధికారం మీ చేతికి రాదు.

అలాగని కంగారు పడకండి. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహితలో 308వ సెక్షన్, ఆ కేసు నిలబడాలంటే మీకు దురుద్దేశం ఉందని చూపించాలి. సర్క్యులర్ ఉంది, నలుగురి సమక్షంలో తీసుకున్నారు, డబ్బు ఎవరూ వాడుకోలేదు. ఈ మూడూ మీ వైపున్నాయి, కాకపోతే ఆ డబ్బు ఎవరి డ్రాయర్లోనో ఉన్న ప్రతి రోజూ ఈ బలం తగ్గుతూ ఉంటుంది. కాబట్టి ఈ వారంలోనే జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాసి ప్రాక్టర్‌కి, అంటే యూనివర్సిటీలో క్రమశిక్షణ చూసే అధికారికి ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మొత్తం 500 యూనివర్సిటీ అకౌంట్స్ ద్వారా ఆ కుర్రాడికి వెనక్కి ఇప్పించండి, చేతికి నోట్లు కాదు, బ్యాంకు ద్వారా. తండ్రి దగ్గరకు మీరొక్కరే వెళ్లి బతిమాలుకోకండి, మాటల్లో అన్నది రేపు ఒప్పుకోలుగా తిరిగొస్తుంది. థానా నుంచి పిలుపొస్తే మాత్రం ఆ కాగితాలు పట్టుకుని లాయరుతో వెళ్లండి.

ఇక గ్రౌండ్ వాదన. పిల్లాడి తండ్రి ఎవరో తెలిసినవాళ్లని అడిగే మాట్లాడుతున్నాడు, ఎందుకంటే చట్టంలో బహిరంగ ప్రదేశం నిర్వచనం చివర 'ఓపెన్ స్పేస్ ఇందులోకి రాదు' అనే ముక్క నిజంగానే ఉంది. కానీ అదే నిర్వచనంలో విద్యాసంస్థలు, లైబ్రరీలు పేరు పెట్టి ఉన్నాయి, పైగా జనం వచ్చిపోయే ఓపెన్ ఆడిటోరియం, స్టేడియం, రైల్వే స్టేషన్, బస్టాపు లాంటి చోట్లకు ఆ మినహాయింపు వర్తించదని 2008 రూల్స్ చెప్పాయి. క్లాసు వరండా, క్యాంటీన్, లైబ్రరీ మెట్లు అయితే వాదనకే చోటు లేదు. ఊరి చివర పదెకరాల గ్రౌండ్‌లో మూల చెట్టు కింద కాల్చితే మాత్రం జడ్జి గారు ఎటైనా మొగ్గవచ్చు. నా సలహా ఏమిటంటే అలాంటి చోట కోట్పా చలానా రాయకండి, యూనివర్సిటీ సొంత క్రమశిక్షణ నియమాల కింద చర్య తీసుకోండి. అడ్మిషన్ రోజు పిల్లలు సంతకం పెట్టిన నియమావళిలో పొగ గురించి ఉందా, దానికి అపరాధ రుసుము ఎంత, ఎవరు వేయాలి అన్నది చూడండి. అందులో లేకపోతే ముందు అది చేర్పించండి. సర్క్యులర్ ఒక్కదాని మీద కథ నడపలేరు.

నాకు మీ సర్క్యులర్‌లో అన్నిటికన్నా నచ్చనిది ఒకటుంది. పిల్లల్ని పట్టుకోవడం తప్ప యూనివర్సిటీ తను చేయాల్సిన పని గురించి అందులో ఒక్క ముక్క లేదు. రూల్స్ ప్రకారం ప్రవేశ ద్వారాల దగ్గర, ప్రతి అంతస్తులో 60 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్ల కొలతతో 'ఇక్కడ పొగ తాగడం నేరం' అనే బోర్డు ఉండాలి. ఎవరికి ఫిర్యాదు చేయాలో పేరు కనిపించేలా ప్రకటించాలి, యాష్‌ట్రేలు ఉండకూడదు. ఫిర్యాదు వచ్చినా ఆ ఇన్‌ఛార్జి పట్టించుకోకపోతే, ఎన్ని నేరాలు జరిగాయో అంత జరిమానా ఆయన మీద పడుతుంది. ఈ సంగతి కాగితం మీద పెట్టి పైకి పంపండి, బోర్డులు త్వరగానే వస్తాయి. మీవైపు అయితే ఒడియాలోనూ తెలుగులోనూ కూడా రాయించమనండి, సగం మంది సిబ్బంది మనవాళ్లే కదా. పనిలో పనిగా మీ స్టాఫ్ రూమ్ వెనకాల కాల్చే ప్రొఫెసర్లకీ మొదటి చలానాలు వెళ్లాలి, లేకపోతే పిల్లలు నవ్వుతారు, నవ్వడం న్యాయమే.

తనిఖీల గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. జేబులు తడమడం, ఫోన్ లాక్కోవడం, వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఇవేవీ మీ అధికారం కాదు. చెంపదెబ్బ కొట్టారో, ఆ తండ్రికి మీరే మంచి కేసు చేతికిచ్చినట్టు. ఈ-సిగరెట్ దొరికితే దాన్ని ఈ 200 చలానాలో కలపొద్దు, దానికి 2019లో వేరే చట్టం వచ్చింది, రాతపూర్వకంగా ప్రాక్టర్‌కి అప్పజెప్పండి. సీనియర్లు జూనియర్లని బెదిరించి బడ్డీకి పంపి సిగరెట్లు తెప్పిస్తుంటే మాత్రం అది పొగ కేసు కాదు, ర్యాగింగ్. దాన్ని వెంటనే యాంటీ ర్యాగింగ్ కమిటీకి పంపాలి, దాచిపెట్టిన వార్డెన్‌కి కూడా తిప్పలే.

పాన్ బడ్డీ సంగతి తేలిక. విద్యాసంస్థ నుంచి 100 గజాల లోపు, అంటే సుమారు 91 మీటర్లు, పొగాకు వస్తువు ఏదీ అమ్మకూడదని ఆరో సెక్షన్. సిగరెట్, బీడీ, ఖైనీ, పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద గుడాఖు, అన్నీ అందులోకే వస్తాయి. ఈ దూరం మీ ప్రహరీ గోడ నుంచి తిన్నగా కొలుస్తారు, రోడ్డు చుట్టూ తిరిగి కాదు, కాబట్టి 'మా బడ్డీకి నడిస్తే రెండొందల గజాలు' అనే మాట చెల్లదు. పద్దెనిమిదేళ్లు నిండని ప్లస్ టూ పిల్లాడికి అమ్మితే బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు ఉంటుంది, ఆ సంగతి బడ్డీవాడికి ఎవరైనా నెమ్మదిగా చెబితే మంచిది. స్క్వాడ్ వెళ్లి డబ్బాలు విసిరేయకండి. టేపుతో కొలిచి, ఫోటో తీసి, యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద ఐఐసీకి, అంటే అక్కడి థానా ఇన్‌స్పెక్టర్‌కి ఒకటి, మున్సిపాలిటీకో ఎన్ఏసీకో (చిన్న పట్టణాల్లో ఉండే నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్) ఇంకొకటి ఇప్పించండి. నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు కింద 'మా లేఖ మీద ఏం చర్య తీసుకున్నారు' అని అడగండి, ఒడిశాలో దానికి ఫారం-ఏ ఉంటుంది, ఫీజు పది రూపాయలు.